గురువారం మనిషి

తలుపు తీసేసరికి గుమ్మంలో ఓ ముసలాయన.

"రాళ్లు ఎలా ఉన్నాయో చూసి పోదామని వచ్చానమ్మా."

టీచరు అప్పుడే బడి నుంచి వచ్చింది. కాళ్లు పీక్కుపోతున్నాయి. ఉప్పునీళ్ల అక్వేరియం మొన్ననే అమర్చింది కాబట్టి షాపువాళ్లు పంపిన మనిషనుకుని పక్కకి తప్పుకుంది.

"చెప్పులు బయటే విప్పండి. మళ్లీ తుడిచే ఓపిక నాకు లేదు."

ముందుగదిలో మంచం మీద ఆమె భర్త. ఓడరేవులో క్రేను నడిపిన మనిషి. పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. ఏడు నెలలుగా ఎదుటి గోడనే చూస్తూ పడుకుంటున్నాడు. ఆ చూపు చూడలేకే ఆ గోడ దగ్గర గాజుతొట్టి పెట్టించింది. మోటారు, దీపం, షాపువాళ్లిచ్చిన రాళ్లు, బకెట్లకొద్దీ ఉప్పు. తల ప్రాణం తోకకొచ్చింది.

ముసలాయన తొట్టి ముందు గొంతుక్కూర్చుని ఒక్కో రాయినీ పలకరిస్తున్నట్టు చూశాడు.

"ఆదివారం చేపలు తెచ్చేస్తాను" అంది టీచరు.

"అప్పుడే వద్దమ్మా. నెలన్నా ఆగాలి. నీళ్లలో విషం విరగాలి. దాన్ని తినే సూక్ష్మజీవులు ఈ రాళ్లలోనే ఉంటాయి, అవి పుంజుకోవాలి."

"నెలా! అంతవరకూ ఉత్త రాళ్లు చూస్తూ కూర్చోవాలా?"

ఆయన మంచం వైపు తిరిగాడు.

"అయ్యా, ఆ మూల రాయి చూడండి. దాని మీద మొటిమలా ఉందే, అది పగడం. ప్రాణమున్నదే. చోటు మారిందని బెదిరి ముడుచుకుంది. కుదురుకుంటే విచ్చుకుంటుంది. కాస్త కనిపెట్టి చూస్తుండండి."

మంచం మీది చూపు మెల్లగా ఆ మూలకి మళ్లింది.

టీచరు అది గమనించలేదు. కూరగాయలు తరగడానికి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ తరవాత ప్రతి గురువారం బడి వదిలే వేళకి ఆయన మెట్ల మీద ఆయాసం తీర్చుకుంటూ కనబడేవాడు. గాజుగొట్టం ముంచి నీళ్లలో ఉప్పెంతుందో కొలిచేవాడు. గాజుకి పట్టిన పాచి గీకేవాడు. పోయే ముందు మంచం పక్కన కూర్చుని ఏవో కబుర్లు చెప్పేవాడు. అవతలి నుంచి ఊ అనే దిక్కు లేకపోయినా ఆపేవాడు కాదు.

ఓసారి తొట్టిలో నీళ్లు తగ్గాయని ఆమె ఉప్పు కలపబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆవిరయ్యేది నీళ్లేనమ్మా, ఉప్పు అందులోనే ఉంటుంది. వడబోసిన మంచినీళ్లు పొయ్యండి చాలు."

"సముద్రం కావాలంటే ఉప్పు వెయ్యొద్దా?"

"ఇంకా వేస్తే చేపలు పెరగవు తల్లీ, ఊరగాయవుతాయి."

ఆమెకి నవ్వు రావలసిందే. ఓపిక లేక రాలేదు.

ఆరో గురువారం ఆమె పరీక్ష పేపర్ల కట్టతో వచ్చింది. ఆ రోజు బడిలో మాటలు పడింది. ముసలాయన బకెట్టు ఎత్తబోయాడు. చేతులు వణికాయి. ఉప్పునీళ్లు గదంతా పారి, కింద పెట్టిన పేపర్లు తడిశాయి.

ఆమెకి చిర్రెత్తుకొచ్చింది.

"చేతకానప్పుడు ఎందుకొస్తారండీ? ఇంకెవరినైనా పంపమని మీ షాపులో చెబుతాను."

ఆయన తుడుపుగుడ్డ అందుకున్నాడు. మోకాళ్ల మీద కూర్చుని గదంతా తుడిచాడు. పేపర్లు ఒక్కొక్కటీ విడదీసి కిటికీ గట్టు మీద ఆరేశాడు.

గుమ్మం దగ్గర మాత్రం ఆగాడు.

"ఇప్పుడు చేపలు వేసుకోవచ్చమ్మా. రెండు చాలు. ఇంకో రెండు కావాలంటే, మరో నెల ఆగి వెయ్యండి."

తరవాతి గురువారం ఆయన రాలేదు. ఆ పై గురువారమూ రాలేదు.

కోపం వచ్చుంటుందిలే అనుకుంది టీచరు. రెండు చేపలు తెచ్చి వేసింది. మెట్లు ఖాళీగా కనబడితే మనసులో ఏదో కలుక్కుమనేది, అంతలో పొయ్యి మీద పాలు గుర్తొచ్చేవి.

మూడో గురువారం ఆమె వంటింట్లో ఉండగా ముందుగది నుంచి ఏదో గొంతు వినబడింది.

పరుగెత్తుకొచ్చింది.

భర్త ఎడమచెయ్యి ఎత్తి తొట్టి మూలకి చూపిస్తున్నాడు. పెదవి వంకర పోతోంది. గొంతు పెగలడం లేదు. మళ్లీ ప్రయత్నించాడు.

"వి... విచ్చింది."

మూల రాయి మీద, అరచేతంత వెడల్పున, ఆకుపచ్చగా ఊగుతోంది పగడం.

టీచరు కింద చతికిలబడి తొమ్మిది నెలల ఏడుపూ ఏడ్చేసింది.

తేరుకోగానే షాపుకి ఫోన్ చేసింది.

"గురువారాలు మా ఇంటికొచ్చే పెద్దాయన్ని ఒక్కసారి పంపండి. ఏదో చిరాకులో నోరు జారాను. ఇంకెవరూ వద్దు, ఆయన్నే పంపండి. ఆయనకో మాట చెప్పాలి."

"మేం ఇళ్లకి మనుషుల్ని పంపమండీ" అన్నాడు షాపతను.

"అదేంటి? తెల్లగడ్డం, సన్నగా ఉంటారు, చేతులు వణుకుతాయి..."



"ఆయనా! పోయిన ఆదివారం ఆస్పత్రిలో పోయారు మేడం."

ఆమె తొట్టి వైపు చూసింది. ఏదో ఒకటి అడగాలి కాబట్టి అడిగింది.

"మీ దగ్గర ఎన్నాళ్లు పనిచేశారు?"

"మా దగ్గరా? ఆయన ఒక్కరోజూ పనిచెయ్యలేదండీ. ఇరవై రెండేళ్లుగా ఇంట్లో పెంచుకున్న రాళ్లు తెచ్చి, 'నాకిక రోజులు లేవు, పగలంతా చూసే మనిషున్న ఇంటికే ఇవ్వండి' అంటే, మీవారి సంగతి మీరు చెప్పారని మీకిచ్చాం."