కోసిన మోకు

"ఎవురయ్యా నువ్వు? నా మోకు మీద చెయ్యెందుకు వేసినావు?"

మాల్యాద్రి గదమాయించేసరికి ఆ పెద్దాయన ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

అరవై దాటిన మనిషి. మాసిన పంచె, భుజాన గోనెసంచి. అర్ధవీడు దగ్గర వాగు గట్టున జరుగుతున్న కల్లు పండగలో ఆయన్ని ఎరిగినవాళ్లు ఎవరూ లేరు.

అది రెండో ఏటి పండగ. మత్తుపొడి కలిపిన కల్లుకీ, బ్రాందీ షాపు సీసాలకీ అలవాటుపడిన జనానికి అసలు చెట్టుకల్లు రుచి చూపించాలని, చుట్టుపక్కల ఊళ్లలో కల్లు గీసేవాళ్లను కూడగట్టి మాల్యాద్రే దాన్ని మొదలుపెట్టాడు.

తాటిచెట్ల కింద వరసగా కుండలు. ఒక ఊరి కల్లు తియ్యన, ఇంకో ఊరిది పుల్లన, వాగు ఒడ్డు చెట్లది కాస్త వగరు. జనం తాటాకు దొప్పలు పట్టుకుని కుండ కుండకీ తిరుగుతున్నారు. ఏది బాగుందో తేలక వాదులాడుకుంటున్నారు. తేలడం కోసం మళ్లీ తాగుతున్నారు. బోటీ వేపుడు పొయ్యి దగ్గర మాల్యాద్రి భార్య రమణికి ఊపిరి సలపడం లేదు.

ఎండ వాలాక మాల్యాద్రి అన్నిటికంటే పొడుగు చెట్టెక్కి కల్లు దించాలి. అందరూ ఎదురుచూసేది దాని కోసమే. డప్పులు అప్పుడే మొదలయ్యాయి.

చెట్టెక్కేవాడికి మోకే ప్రాణం. నడుమునీ చెట్టునీ కలిపి చుట్టే ఆ తాడు ఒక్కటే, పైన కాలు జారితే మనిషిని ఆపేది.

"ఇది యాడ కొన్నావు నాయనా?" అడిగాడు పెద్దాయన.

"మార్కాపురంలో. నీకెందుకు?"

"దీంతో ఎక్కొద్దు."

"ఏందీ?"

"పైకి బాగనే ఉంటాది. వద్దు, నా మాటిను." సంచిలోంచి కొత్త మోకు తీశాడు. "ఇది కట్టుకో."

మాల్యాద్రికి నవ్వొచ్చింది.

"అమ్ముకోను వచ్చినావా? పండగైనాక రాపో."

"అమ్మను. ఊరికే ఇస్తా."

ఊరికే అనేసరికి మాల్యాద్రికి అనుమానం తగిలింది. పోయినేడు పండగ బాగా జరిగిన నాటి నుంచీ బ్రాందీ షాపు వాళ్లు గుర్రుగా ఉన్నారు.

"నిన్ను ఎవురు పంపినారు? షాపోళ్లేనా?"

పెద్దాయన నోరు తెరిచాడు. ఏమనుకున్నాడో, మళ్లీ మూసుకున్నాడు.

"పో పక్కకి!"

మాల్యాద్రి మోకు కింద పెట్టి పంచె బిగించుకుంటున్నాడు. తిరిగి చూసేసరికి పెద్దాయన చేతిలో కత్తి ఉంది. మోకు రెండు ముక్కలై ఉంది.

డప్పులు ఆగిపోయాయి.

మాల్యాద్రి లాగి ఒక్కటి కొట్టాడు. పెద్దాయన వెళ్లి కుండల మీద పడ్డాడు. ఒక కుండ పగిలి కల్లంతా ఆయన పంచె మీద పారింది.

"మా నోట్లో మన్ను గొట్టను వచ్చినావురా?"

నలుగురు ఆయన మెడ పట్టి రోడ్డు దాకా గెంటుకుంటూ పోయారు. ఆయన తిరగబడలేదు, తిట్టలేదు.

"దాంతో ఎక్కకుంటే అదే చాలు" అని మాత్రం అన్నాడు.

కొత్త మోకు నేల మీదే ఉండిపోయింది. మాల్యాద్రి దాన్ని కాలితో పక్కకి నెట్టి, తమ్ముడి మోకు కట్టుకుని చెట్టెక్కాడు. పైనుంచి చూస్తే రోడ్డు పక్కన బస్సు కోసం కూర్చుని, తువ్వాలుతో మూతి తుడుచుకుంటున్న పెద్దాయన కనిపించాడు. ఇంకొకటి వెయ్యాల్సింది అనిపించింది మాల్యాద్రికి.

కల్లు దించాడు. ఈలలు, కేకలు. మొదటి దొప్ప ఎవరికని తోపులాట.

"ఏమయ్యా, ఇట్ల రా" పిలిచింది రమణి.

ఆమె చేతిలో కోసిన మోకు ముక్క ఉంది. పైన కుట్టిన తోలు నిగనిగలాడుతోంది. లోపలి నార నల్లగా మారి, వేళ్లతో నలిపితే పొడిలా రాలింది.

మాల్యాద్రి రెండో ముక్కను తీసుకుని రెండు చేతులా గట్టిగా లాగాడు. కత్తి తగలని చోట అది పుటుక్కున తెగింది.

తలెత్తి చెట్టు కొసకేసి చూశాడు.

"ఆ పెద్దాయన యాడ?" అంటూ రోడ్డు మీదికి పరిగెత్తాడు.

అక్కడ ఎవరూ లేరు. అప్పుడే ఆగిన ఆటోలోంచి కల్లు కుండలు దించుతూ వెంకటలక్ష్మమ్మ కనిపించింది. ఆమెది గిద్దలూరు దగ్గర పల్లె. పోయిన ఎండాకాలం ఆమె భర్త చెట్టు మీది నుంచి పడి చనిపోయాడు. మరిది గీసిన కల్లు తీసుకుని పండగకి వచ్చింది.

"కంభం బస్సెక్కి పోయినాడు" అందామె. "మూతి నిండా నెత్తురు. నన్ను చూసి తల దించుకున్నాడు. ఎవురు కొట్టినారు మాల్యాద్రీ ఆయన్ను?"



"నేనే వదినా."

ఆమె చేతిలోని కుండ కింద పెట్టింది.

"ఆయన నీకు తెలుసా?"

"మస్తానయ్య. ఊరూరా తాటితోపులన్నీ తిరుగుతాండాడు. మోకులు చూసి, కొన్ని కోసేసి కొత్తవి ఇచ్చి పోతాడు. మా మరిది కట్టుకునేది గూడా ఆయనిచ్చిందే."

"ఆయనకెందుకు వదినా ఈ బాధ?"

వెంకటలక్ష్మమ్మ అతని చేతిలోని ముక్క తీసుకుని తోలు మీది కుట్టును వేలితో తడిమింది.

"ఇది పేనింది ఆయనే" అంది. "మా ఇంటాయన పడిన రోజు తెగిన మోకు గూడా ఆయన పేనిందే."