కొండ మీది గొంతు

ఆ స్విస్ ఊళ్లో పొగమంచు ఎంత చిక్కగా దిగుతుందంటే, దాన్ని కూడా కత్తితో కోసి జున్నుతో పాటు అమ్మేద్దామని కొట్టు నడిపే తెరెజ్ చాలాసార్లు అనుకుంది.

ఆ సాయంత్రం ఊరి సభ. ఒకటే విషయం. హబ్తోమ్‌ని ఈ దేశపు పౌరుడిగా ఒప్పుకోవాలా, వద్దా?

పైన రాజధానిలో ఎవరేమన్నా, ముందు ఊరు చెయ్యెత్తాలి.

హబ్తోమ్ ఎరిత్రియా నుంచి శరణార్థిగా వచ్చాడు. కొండ మీద ముసలి అలోయిస్ దగ్గర ఆవులు కాస్తాడు. పాస్‌పోర్టు వస్తే సొంతూరు వెళ్లి తల్లిని చూసి రావాలని ఆశ. శరణార్థి కాయితంతో ఆ దారి లేదు.

"మన జున్నులో కన్నాలెందుకుంటాయో చెప్పు," అని హబ్తోమ్‌కి పరీక్ష పెట్టాడు సభాధ్యక్షుడు కాస్పర్.

"తెరెజమ్మ జున్నులో కన్నాలుండవండి. తూకంలో ఉంటాయి."

సభంతా పగలబడి నవ్వింది. తెరెజ్ నవ్వలేదు. లేచి నిలబడింది.

"అబ్బాయ్! దీవెన వేళకి ఊరంతా టోపీలు తీసి చౌరస్తాలో నిలబడుతుంది. నువ్వెప్పుడైనా నిలబడ్డావా?"

నవ్వులు టక్కున ఆగిపోయాయి.

దీవెనంటే ఆ ఊళ్లో ఆటలు కాదు. పొద్దు వాలగానే అలోయిస్ కొండ కొసన నిలబడి, చెక్క పాల గరాటు నోటికి పెట్టుకుని పాడతాడు. ఆ గొంతు ఎంతదూరం వినిపిస్తే అంతదూరం, ఆ రాత్రి మనిషికీ పశువుకీ ఏమీ కాదు. అది వినందే ఆవులు నెమరెయ్యవు. చర్చి గడియారం కూడా ముల్లు కదపదు.

ఎనభై దాటాక అలోయిస్ గొంతు మరీ లేతబడింది. అదంతా తన జున్ను మహిమేనని తెరెజ్ చెప్పుకుంటుంది. మొగుడు పోయాక ఆమెని నిద్రపుచ్చేది ఆ గొంతే.

హబ్తోమ్ నోరు తెరిచాడు. గది మూల చలికాచుకునే నిలువెత్తు పొయ్యి వైపు ఓసారి చూశాడు. నోరు మూసుకున్నాడు.

"లేదమ్మా."

"ఒక్కసారైనా?"

"ఒక్కసారీ లేదు."

"విన్నారుగా! దీవెనకి రానివాడు మనవాడెలా అవుతాడు?"

"ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి," అన్నాడు కాస్పర్.

పొయ్యి వెనక చీకట్లోంచి ఒకే ఒక్క చెయ్యి లేచింది. ఎవరో ఒళ్లు విరుచుకుంటున్నారనుకున్నారు.

"వద్దనేవాళ్లు?"

గది నిండా చేతుల అడవి మొలిచింది.

"ఏమనుకోకు హబ్తోమ్. కొన్నేళ్లాగి మళ్లీ అడుగు."

"సరేనండి. పొద్దుపోతోంది, పైన పనుంది," అంటూ హబ్తోమ్ పరుగులాంటి నడకతో వెళ్లిపోయాడు.

వైన్ సీసాలు తెరుచుకున్నాయి. సూర్యుడు శిఖరం వెనక్కి జారాడు. అందరూ కిటికీలు తెరిచి, టోపీలు తీసి నిలబడ్డారు.

దీవెన రాలేదు.

పొగమంచు మాత్రం వచ్చింది. తాపీగా లోపలికి నడిచి, ఖాళీ కుర్చీల్లో కూర్చుంది.

"ముసలాయన పోయాడంటావా?" గొణిగాడు కాస్పర్.

"నోర్ముయ్ కాస్పర్! నీ నోట్లో మంచు పడ!"

తెరెజ్ కిటికీలోంచి సగం బయటికి వంగి కొండకేసి చూసింది. ఈ రాత్రి నిద్రెలా పడుతుంది?

అప్పుడు కొండ మీంచి దిగింది ఆ గొంతు. పరుగెత్తి వచ్చినట్టు కాస్త ఆయాసంగా, తర్వాత పాలు పోసినంత మెత్తగా.

"ఈ లోయలో తల వాల్చే ప్రతివాళ్లనీ చల్లగా కాపాడు..."

"హమ్మయ్య, బతికే ఉన్నాడు మా అలోయిస్!" కళ్లు తుడుచుకుంటూ, ఆ మాట వెనకవాళ్లకి కూడా చెబుదామని తెరెజ్ తిరిగింది.

పొయ్యి వెనక, మూగబోయిన గొంతుకి ఉన్ని మఫ్లర్ చుట్టుకుని, ఎత్తిన చెయ్యి ఇంకా దించకుండా, అలోయిస్ కూర్చుని దీవెన వింటున్నాడు.