నూనె చిందిన పూట

"వచ్చావా? చెప్పులు అక్కడ విడువు," అంది అఫ్రాకోమా, పొయ్యి మీంచి పూర్తిగా తల తిప్పకుండానే.

గుమ్మంలో ఓ అమ్మాయి నిలబడి ఉంది. నీలం చొక్కా, భుజాన సంచీ. కొడుకు బువాచి నిన్న ఫోనులో చెప్పనే చెప్పాడు: "నేను చేసుకుంటానన్న అమ్మాయి రేపు పొద్దున తనే వచ్చి పలకరిస్తుందమ్మా. నీకు పుణ్యముంటుంది, కసురుకోకు."

కసురుకోక ముద్దు చేస్తుందా? కుమాసీ ఊళ్లో ఇంతమంది పనిమంతులైన పిల్లలుండగా, చేతికి మసి అంటని ఆఫీసు పిల్లే దొరికిందా వీడికి? మొహం మీదే రెండు ముక్కలు చెప్పి పంపించేయాలని ఆవిడ పొద్దుటి నుంచీ మాటలు కూడబెట్టుకుంటోంది.

"అమ్మా, నేను..."

"తెలుసులే. కూర్చో."

ఆ విసురులో మోచెయ్యి మూకుడు కాడకి తగిలింది. అరటిపండు ముక్కలు వేగుతున్న ఎర్రటి పామాయిలు ఎడమచేతి మీద ఒలికింది. అఫ్రాకోమా కెవ్వుమంది.

అమ్మాయి సంచీ విసిరేసి వచ్చి పొయ్యి ఆర్పేసింది. ఆవిణ్ణి పెరట్లో కుళాయి దగ్గరికి నడిపించి, చెయ్యి ధార కింద పెట్టింది.

"టూత్‌పేస్టు! గూట్లో ఉంది, పట్రా!"

"వద్దమ్మా. పేస్టూ ఉప్పూ గుడ్డుసొనా, ఏదీ రాయకూడదు. గాయం పాడవుతుంది. ముందు గాజులు తియ్యనివ్వండి. వాచిందంటే ఇక రావు."

గాజులూ ఉంగరమూ మెల్లగా జారిపోయాయి. మంట కాస్త తగ్గగానే అఫ్రాకోమా చెయ్యి లాక్కోబోయింది.

"చాల్లే, నీళ్లన్నీ పారబోస్తున్నావ్!"

"పోనివ్వండి. ఇరవై నిమిషాలైనా ఉంచాలి. ఈలోగా కబుర్లు చెప్పండి, నొప్పి తెలియదు."

"ఏం చెప్పను? వంట వచ్చా నీకు?"

"ఫుఫు ముద్దలకి కర్రపెండలం దంచీ దంచీ చేతులు కాయలు కాశాయి. చూడండి."

నిజంగానే కాయలు కాసి ఉన్నాయి. అఫ్రాకోమా ఆ అరచేతిని కాసేపు చూసింది.

"నిజం చెప్పనా పిల్లా? నిన్నెలా సాగనంపాలా అని చూస్తున్నాను పొద్దుటి నుంచీ."

అమ్మాయి పకపకా నవ్వింది. "చాలా ఇళ్లలో అంతేనమ్మా. నన్ను చూడగానే తలుపులేసుకుంటారు. అలవాటైపోయింది."

అఫ్రాకోమా గుండె చివుక్కుమంది. ఇలాంటి పిల్లనా? ఎంత మంది కాదన్నారో పాపం! వాళ్లకి కళ్లు లేవా?

అమ్మాయి ఉతికిన పల్చటి గుడ్డ వెతికి తెచ్చి, చేతి మీద వదులుగా కప్పింది. "బొబ్బలు లేస్తే చిదమకండి. ఇవాళే ఆసుపత్రిలో చూపించుకోండి."

అప్పుడే ఫోను మోగింది. బువాచి.

"అమ్మా, తను దారిలో..."

"నువ్వు మాట్లాడకు. నేను చెప్పేది విను. నాకిష్టమేరా. ఈ పిల్లనే చేసుకో. ఎవరేమన్నా సరే, నా మాటకి తిరుగులేదు."

అవతల ఓ కేక, ఆ వెనకే నలుగురి చప్పట్లు. పనిచేసే చోట అందరికీ చెప్పేస్తున్నట్టున్నాడు. ఫోను కట్టయింది.

అఫ్రాకోమా చెమ్మగిల్లిన కళ్లతో అమ్మాయి బుగ్గ నిమిరింది. చెయ్యి ఇంకా చురచురమంటున్నా, మనసు మాత్రం చల్లగా ఉంది.

"విన్నావుగా? ఇక నుంచి నన్ను అత్తయ్యా అని పిలువు."

అమ్మాయి బిక్కమొహం వేసుకుని సంచీ అందుకుంది.

"నేను నీళ్ల మీటరు చూడ్డానికొచ్చానమ్మా."