తెల్ల గోడ

"మామ్మా, వైరు తొక్కకు. ఢిల్లీ తెగిపోద్ది."

నరేష్ వేళాకోళానికే అన్నాడు. తన ఇంటి గోడకు చేరగిలబడి కూర్చున్న ముసలమ్మ మాత్రం నిజమేననుకుని కాళ్ళు ముడుచుకుంది. వైరుకు దణ్ణం పెట్టడం ఒక్కటే తక్కువ.

కురుపాంలో కంప్యూటర్ షాపు నరేష్‌ది. ఆ కొండల చుట్టుపక్కల తనకు తెలియని కేబులు లేదని అతని ధీమా.

ఈ సవర గూడెం పిల్ల సోనికి ఆ సాయంత్రం ఢిల్లీలో అవార్డు ఇస్తున్నారు. గూడెమంతా సోనిని చూడాలి, సోని గూడేన్ని చూడాలి. ఆ ఏర్పాటు చేసిపెట్టమని సోని అన్న కామేష్ షాపుకొచ్చి అడిగితే, నరేష్ లాప్‌టాప్, ప్రొజెక్టర్ జీపులో వేసుకుని కొండెక్కాడు.

అవార్డు దేనికిస్తున్నారో అతను అడగలేదు. సిగ్నల్ ఎక్కడుందని మాత్రం అడిగాడు.

సిగ్నల్ గూడెంలో లేదు. వెనక కొండ మీద ఉంది.

"అయితే కిందకి దింపుదాం," అన్నాడు నరేష్, మేకను దింపుతానన్నంత తేలిగ్గా.

ముందు ప్రొజెక్టరే పేచీ పెట్టింది. అది పాతది, లాప్‌టాప్ కొత్తది. తాడుంటే బొంగరం లేదన్నట్టు, ఒకదాని పిన్ను ఇంకోదాని బెజ్జంలో పట్టదు. సంచీ బోర్లించి, రెండింటికీ మధ్యన తగిలించే అడాప్టర్ వెతికి పట్టుకునేసరికి చెమటలు పట్టాయి.

తరవాత తెర. కామేష్ కట్టిన దుప్పటి కొండగాలికి ఒక్కచోట నిలవడం లేదు. ఎలా ఉంటుందోనని సోని ఫోటో వేసి చూస్తే, ఆ పిల్ల ముఖం కాసేపు సన్నగానూ కాసేపు లావుగానూ అయింది. పోనీ గోడ మీద వేద్దామంటే గూడెంలో అన్నీ ఎర్రమట్టి గోడలే.

నరేష్ ముసలమ్మ ఇంటి గోడను చేత్తో తడిమి చూశాడు.

"ఇది నున్నగానే ఉంది గానీ, దీన్నిండా ఏటో పిచ్చిగీతలు," అన్నాడు విసుగ్గా.

చేతులు పట్టుకుని ఆడే మనుషులు, ఏనుగు మీద ఊరేగే పెద్ద, పైన సూర్యుడూ చంద్రుడూ, పక్కన బల్లులూ నెమళ్ళూ. ఎర్రటి గోడ మీద బియ్యప్పిండితో, వెదురుపుల్లతో వేసినవి. అవన్నీ చూసే తీరిక నరేష్‌కు ఎక్కడిది?

ముసలమ్మ అప్పుడు నోరు విప్పింది.

"మా సోని గుంట మొకం సక్కగా అవుపడాలంటే ఏటి గావాలి బాబూ?"

"తెల్ల గోడ గావాలి మామ్మా. ఉందేటి నీ దగ్గర?"

ముసలమ్మ గోడ వంక తిరిగి కూర్చుని, తనలో తను ఏదో మాట్లాడుకుంటూ ఉండిపోయింది. పెద్దవాళ్ళకు చాదస్తం మామూలేనని నరేష్ తన పనిలో పడ్డాడు.

గూడెం గూడెమంతా కేబులు మోసుకుంటూ అతని వెంట కొండెక్కింది. సిమ్ వేసిన రూటర్‌ను జీలుగు చెట్టు పైకంటా కట్టారు. దానికి పవర్‌బ్యాంకు తగిలించారు. అక్కడినుంచి కేబులును పొదల మీదుగా లాక్కుంటూ దిగారు.

దిగొచ్చేసరికి ముసలమ్మ గోడ తెల్లగా ఉంది.

సున్నం ఇంకా అక్కడక్కడా తడి. ముసలమ్మకు మోచేతుల దాకా సున్నమే.

గూడెం జనం ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. కామేష్ "మామ్మా..." అనబోతే ముసలమ్మ చెయ్యెత్తి ఆపింది. కామేష్ కళ్ళలో నీళ్ళు చూసి, సున్నం ఘాటనుకున్నాడు నరేష్. పోనీలే, పనికొచ్చే ముసలమ్మేనని మెచ్చుకుని, కేబులు లాప్‌టాప్‌కు తగిలించాడు. వెబ్‌క్యామ్‌ను గోడ పక్కన స్టూలు మీద, జనం వైపు తిప్పి పెట్టాడు.

చీకటి పడుతుండగా సోని వచ్చింది.

గోడంత సోని. ముక్కుపుడకలో మెరుపు కూడా తెలుస్తోంది. గూడెమంతా ఒక్కసారిగా లేచి నిలబడింది. మా గుంట, మా గుంట అంటూ ఆడవాళ్ళు ఒకరి చేయి ఒకరు పట్టుకున్నారు. నరేష్ ముఖం చేటంత అయింది. ఏమీ కాని తనకే ఛాతీ పొంగుతుంటే, కన్నవాళ్ళ సంగతి చెప్పాలా?

అవార్డు అందుకున్నాక సోని మైకు తీసుకుంది. అక్కడి తెర మీద తనవాళ్ళు కనిపించగానే ముందు చెయ్యి ఊపింది.

"ఈ అవార్డు నా బొమ్మలకిచ్చారు," అంది. "నేను ఏసినవన్నీ ఒక్క గోడను సూసి ఏసినవే. మా గురువు ఇంటి గోడ అది. బడిలో కన్నా ఆ గోడ ముందే ఎక్కువ కూకున్నాను. నరేష్ గారూ, కెమేరా అటు తిప్పి ఒక్కపాలి సూపించండి. ఆ గోడను ఇక్కడ అందరూ సూడాల."

నరేష్ హుషారుగా వెబ్‌క్యామ్ చేతిలోకి తీసుకున్నాడు.

"ఏ ఇల్లు కామేష్? బేగి సెప్పు."

కామేష్ తల దించుకున్నాడు. అందరూ ఒక్క వైపే చూస్తున్నారు.

నరేష్ కూడా అటే చూశాడు. చేయి ఆగిపోయింది. పిచ్చిగీతలన్న తన మాట తనకే గుర్తొచ్చి, సిగ్గుతో చితికిపోయాడు.

ముసలమ్మ వేళ్ళకు ఎండిన సున్నం రాల్చుకుంటోంది. చూపు మాత్రం సోని మీదనుంచి తిప్పలేదు.

"తిప్పి సూపించు బాబూ," అంది. "నా గోడ మీద ఇంత మంచి బొమ్మ నానెప్పుడూ ఎయ్యలేదు."