గట్టు మీది పచ్చిరొట్ట

“ఈ యేటితో గుత్త చాలు మామా. హోసూరులో పని పోయింది. నా నేల నేనే చేసుకుంటాను,” అన్నాడు తిరుమలేశు.

మాదప్ప తల ఊపాడు. ఏడేళ్ళ కిందట గుత్తకు తీసుకున్నప్పుడు అది గడ్డి కూడా మొలవని రాళ్ళ నేల. చుట్టూ గట్ల మీద పచ్చిరొట్ట ఎరువుకని గ్లిరిసిడియా చెట్లు నాటి, ఏటా కొమ్మలు కొట్టి, ఆకంతా సాళ్ళలో వేస్తూ వచ్చాడు. ఇప్పుడు రాగిపైరు నడుమెత్తు నిలిచింది.

“ఈ చెట్లు పీకించేస్తా మామా. నీడకు పైరు చెడుతుంది.”

మాదప్ప నోరు తెరవబోయాడు. పిల్లమ్మ మొగుని చెయ్యి గిల్లి పక్కకు లాగింది.

“ఊరకుండయ్యా! పీకనీ. మూడేండ్లలో నేల మళ్ళా రాయైపోతుంది. చేతకాక మన దగ్గరికే వస్తాడు. అప్పుడు తీసుకుందాం.”

“తీసుకొని?”

“మళ్ళా చెట్లు నాటుకుందాం.”

“మళ్ళా మొదటి నుంచా?” మాదప్ప గట్టు మీద కూలబడ్డాడు. “నా చేత కాదే పిల్లా. ఇంకొకసారి రాయిని మన్ను చేసే ఓపిక లేదు.”

“మరి మనం తినేదేందయ్యా?”

మాదప్ప తిరుమలేశు వైపు తిరిగాడు.

“తిరుమలేశా,” అని పిలిచాడు. “పీకొద్దురా. పైరుకు నీడ పడకముందే కొమ్మలు కొట్టి, ఆకు సాళ్ళలో వెయ్యల్ల. ఈ నేల తినేది అదే.”

“ఎంత ఎత్తున కొట్టల్ల మామా?”

మాదప్ప మోకాళ్ళు పట్టుకొని లేచాడు.

పిల్లమ్మ కొమ్మలు కొట్టే మచ్చుకత్తి తెచ్చి మొగుని చేతికిచ్చింది.

“చూపించేది సరిగ్గా చూపించు,” అంది.