హస్తవాసి

"డాక్టరుగారూ, ముట్టుకోకండి!"

ల్యాబు అమ్మాయి రిపోర్టు ఊపుకుంటూ వార్డులోకి పరుగెత్తుకొచ్చింది. మామ్మ ఆపరేషన్ కుట్ల మీదికి వంగిన డాక్టరు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"అదేమిటే! ఆయన హస్తవాసి కోసమేగా ఇంతదూరం వచ్చాను," అంది మామ్మ.

"నెల్లాళ్ళుగా వెతుకుతున్న దొంగ దొరికిందండీ! ఈ వార్డులో ముగ్గురి కుట్లకి చీము పట్టించిన క్రిమి! ఆరు మందులు పోసినా చావదు. మందుల్ని తట్టుకునే జీన్ దాని ఒంట్లోనే ఉంది."

"భేష్! ఎక్కడ దొరికింది? మంచం కమ్మీలమీదా? తుడుపుగుడ్డలోనా?"

"అవి శుభ్రంగానే ఉన్నాయండీ." అమ్మాయి ఊపుతున్న రిపోర్టు దించేసింది. "మొన్న మన సిబ్బంది అందరి అరచేతులూ క్రిములు పెంచే ప్లేట్లకి అద్దించాను కదా... మీ ప్లేటులో ఉందండీ. అదే క్రిమి, అదే జీన్."

తన ఉద్యోగం ఊడినట్టే అనుకుంది అమ్మాయి.

డాక్టరు ఆ మూడు మంచాలవైపు చూశాడు. పాతికేళ్ళుగా జనం కళ్ళకద్దుకున్న చేతిని తిప్పి చూసుకున్నాడు. చరచరా కుళాయి దగ్గరికి నడిచాడు.

"ఒక్క నిమిషం మామ్మగారూ. నా హస్తవాసులు ఎవరో ఇప్పుడు తెలిసింది. ఖాళీ చేయించి వస్తాను."

అమ్మాయికి నవ్వు తన్నుకొచ్చింది. మామ్మ మాత్రం నవ్వలేదు.

"గోళ్ళ సందులు కూడా చూడు నాయనా! అక్కడ నక్కుంటారు."