ఉన్నది ఒక్క కెమెరా

"ముందు చేత్తో పట్టుకుని గట్టిదనం చూడండి. ఫొటోల సంగతి తర్వాత."

"గట్టిదనం చూడ్డానికి అదేమన్నా కొబ్బరికాయా? నన్నో ఫొటో తియ్యనివ్వండి ముందు."

స్టోర్‌రూమ్‌లోంచి వస్తూనే కౌంటర్ అమ్మాయి చెవిన పడిందీ తగువు. అంతలో చేతిలో ఫోన్ మోగింది. మళ్ళీ వాళ్ళాయనే. పొద్దుట్నించి ఇది ఎన్నోసారో! కట్ చేసి ఫోన్‌ని సొరుగులో పడేసింది. సాయంత్రం ఇంటికి కాదు, అక్క దగ్గరికే పోదామని బట్టల సంచి కూడా వెంట తెచ్చుకుంది.

గాజు బల్లకు అవతల ఓ పెద్దాయన, ఓ పెద్దావిడ. ఇద్దరికీ అరవై దాటి ఉంటాయి. ఇద్దరి మధ్యా కొత్తగా వచ్చిన కెమెరా. మరీ చవకదీ కాదు, కళ్ళు తిరిగేంత ఖరీదైనదీ కాదు.

"ఇది ఒక్కటే మిగిలింది సార్. మళ్ళీ వచ్చే నెలే" అంది అమ్మాయి.

ఆ మాట వినగానే ఇద్దరి చేతులూ ఒక్కసారే దాని మీదికి వెళ్ళాయి. పెద్దాయన చెయ్యి ముందు పడింది.

అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. మీటలన్నీ నొక్కి చూశాడు. బ్యాటరీ తలుపు తెరిచి, మూసి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"శబ్దం విన్నారా? టక్‌మని పడింది. వదులు లేదు. పట్టు కూడా బాగుంది, చెమట పట్టినా జారదు. కానీ ఈ వెనక తెర మడతబందు ఉంది చూశారూ, అదొక్కటే కాస్త నాజూకు."

"పైన పటారం, లోన లొటారం అయితేనో? బొమ్మ పట్టేది లోపలి సెన్సర్ కదా, తలుపు కాదుగా. ఇలా ఇవ్వండి" అని లాక్కున్నంత పని చేసింది ఆవిడ.

అమ్మాయికి నవ్వొచ్చింది. ఆలుమగల కలహం అద్దం మీద పెసరగింజ ఉన్నంతసేపే అని ఊరికే అన్నారా? పైగా ఈ వయసులో కూడా పెద్దాయన నోటివెంట 'నువ్వు' అన్న మాటే లేదు. మా ఆయనా ఉన్నాడు, పెళ్ళయిన మర్నాడే 'ఒసేయ్' మొదలెట్టాడు అనుకుంది.

ఆవిడ కెమెరాను నేరుగా అమ్మాయి మీదికే తిప్పి క్లిక్‌మనిపించింది. తెర చూసి మొహం చిట్లించింది.

"రంగులు తేడాగా పడుతున్నాయే. నీ చొక్కా గులాబీ రంగులో వచ్చింది."

అమ్మాయి తల దించుకుంది. "కెమెరా తప్పు కాదు మేడమ్. షాపు వాళ్ళిచ్చిన తెల్ల చొక్కానే. మా ఆయన ఎర్ర తువ్వాలుతో కలిపి ఉతికారు. షాపులో అందరూ ఒకటే నవ్వు. మూడు రోజులుగా మాటల్లేవు మాకు."

"ఉతికాడా!" పెద్దాయన కళ్ళు పెద్దవయ్యాయి. "నువ్వు చెప్పకుండానే?"

"నాకు జ్వరమొస్తే..."

"జ్వరమొస్తే చొక్కా ఉతికిపెట్టే మొగుడి మీద అలిగావా!" అంది ఆవిడ. "ఒక చొక్కా పోయిందనుకో, ఇంకోటి వస్తుంది. పిచ్చిపిల్లా!"

సొరుగులో ఫోన్ మళ్ళీ మోగి ఆగిపోయింది.

"సరే, రంగులు పాసు" అన్నాడు పెద్దాయన. "ఇక చీకటి పరీక్ష. మీరా మెట్ల కింద నుంచోండి."

"నేనెందుకు? ఆ షోకేసులో బొమ్మని తియ్యండి."

"బొమ్మ నవ్వదుగా!"

ఆవిడకు నవ్వాగలేదు. ఆ నవ్వులోనే ఆయన ఫొటో తీసేశాడు. ఇద్దరూ తలలు దగ్గర పెట్టి తెరలోకి చూశారు. ఆ ఫొటోను ఆయన పెద్దది చేసుకుంటూ పోయాడు.

"ఇంత చీకట్లో కూడా మసక లేదు, ఇసక పోసినట్టు చుక్కల్లేవు. వెంట్రుక వెంట్రుకా తెలుస్తోంది."

"ముడతలూ తెలుస్తున్నాయి. చెరిపెయ్యండి."

"చెరపను. ఎంత బాగుందో!"

ఆ మాట ఆయన కెమెరా గురించి అనలేదని దుకాణంలో అందరికీ తెలిసిపోయింది. ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుని అటు తిరిగింది. అమ్మాయి చెయ్యి సొరుగు మీదికి వెళ్ళింది. ముప్ఫై నలభై ఏళ్ళ తర్వాత తనను కూడా ఎవరైనా అలా చూస్తారా? చూడాల్సిన మనిషి చేసిన ఫోన్ సొరుగులో మోగీ మోగీ ఆగిపోయింది.

"మీరే తీసుకోండి. ముందు పట్టుకున్నది మీరు" అంది ఆవిడ.

"అబ్బే, మీరే ఉంచుకోండి. ఆ ఫొటో ఉన్న కెమెరా మీ దగ్గరే ఉండాలి."

ఎవరి సంచిలో పడితే ఏముంది, చేరేది ఒక గూటికే కదా అనుకుంటూ అమ్మాయి ఆవిడ దగ్గర డబ్బు తీసుకుని, పెట్టె కట్టి చేతికిచ్చింది. అటు వాళ్ళు గుమ్మం వైపు నడవగానే ఇటు సొరుగు లాగి ఫోన్ చేసింది.

"ఏంటే, బతికే ఉన్నావా?" అవతల గొంతులో కోపం కంటే కంగారే ఎక్కువగా ఉంది.

"ఉన్నాలే. సాయంత్రం వచ్చి నన్ను తీసుకెళ్ళు. సంచి కూడా ఉంది, బరువు. ఇంకో మాట, మనం కూడా వీళ్ళలాగే ముసలాళ్ళం కావాలి."

"ఎవళ్ళలాగా?"

"చెప్తాలే, ఇంటికొచ్చాక" అంటూ కళ్ళు తుడుచుకుని, అమ్మాయి గుమ్మం వైపు చూసింది. పెద్దాయన ఓ చేత్తో అద్దం తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఆవిడ పెట్టెను గుండెలకు హత్తుకుని మెట్టు దిగింది. ఆయనా వెనకే దిగి, కాస్త తటపటాయించి, గొంతు సవరించుకున్నాడు.

"ఇంతకీ మీ పేరేంటండీ?"